కుక్కల సెపరేషన్ యాంగ్జైటీ స్పెషలిస్ట్ అవ్వాలంటే ఏం నేర్పిస్తారు? ఆ సర్టిఫికెట్లు ఏం చెప్తాయి, ఏం చెప్పవు?

ఒంటరిగా వదిలి తలుపేస్తే చాలు, కొన్ని కుక్కలు ఆగకుండా అరుస్తాయి, తలుపు గీకుతాయి, ఎప్పుడూ ఇల్లు పాడు చెయ్యనివి కూడా అక్కడే యూరిన్ పోసేస్తాయి, ఇంకొన్నైతే గోళ్ళు ఊడి పళ్ళు విరిగేదాకా బయటపడాలని చూస్తాయి. ఈ సమస్య ఎప్పట్నుంచో ఉన్నదే, కానీ 2020 లాక్‌డౌన్‌లప్పుడు కుక్కల్ని తెచ్చుకున్నవాళ్ళు తర్వాత ఆఫీసులకి వెళ్ళాల్సొచ్చేసరికి దీని గురించి మాటలు బాగా ఎక్కువయ్యాయి, దాంతోపాటే "సెపరేషన్ యాంగ్జైటీ స్పెషలిస్ట్" అని పేరు పక్కన రాసుకునేవాళ్ళూ ఎక్కువయ్యారు. ఇక్కడే గందరగోళం మొదలవుతుంది. వీళ్ళలో ఒకరు వెటర్నరీ డిగ్రీ చేసి దానిమీద ఇంకొన్నేళ్ళు బిహేవియర్ చదివినవాళ్ళు కావచ్చు, ఇంకొకరు కొన్ని వారాల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్ళు కావచ్చు, మూడోవాళ్ళు ఏ కోర్సూ చెయ్యకుండా ఆ పేరు పెట్టేసుకున్నవాళ్ళు కూడా కావచ్చు. బయటనుంచి చూసేవాళ్ళకి ముగ్గురూ ఒకేలా కనిపిస్తారు.

ఈ ట్రైనింగ్ గురించి అర్థం కావాలంటే ముందు సమస్య ఏంటో, దానికి వైద్యం ఏంటో తెలియాలి, ఎందుకంటే ఈ కోర్సులు నేర్పేది ఏదో రహస్య టెక్నిక్ కాదు. టెక్నిక్ ఎవరైనా ఒక సాయంత్రం కూర్చుని చదివేసుకోవచ్చు. నేర్చుకోవాల్సింది కుక్కని చూడటం, మనిషిని నిలబెట్టడం. ఆ రెండూ చదివితే వచ్చేవి కావు, ఎవరో ఒకరు పక్కనుండి దిద్దితేనే వస్తాయి.

అరిచే ప్రతి కుక్కకీ యాంగ్జైటీ ఉన్నట్టు కాదు

సెపరేషన్ యాంగ్జైటీ అంటే తన మనిషి దూరమైనప్పుడు కుక్కకి వచ్చే భయం, ముదిరితే అది పానిక్. పగ కాదు, మొండితనం కాదు, గారాబంతో చెడిపోవడమూ కాదు. "తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడు ఎలా పెట్టిందో" అనేవాళ్ళు చాలామంది ఉంటారు కానీ, 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ చేసిన పరీక్షలో కుక్క ఆ మొహం పెట్టడానికీ అది నిజంగా తప్పు చెయ్యడానికీ సంబంధం లేదని తేలింది, యజమాని తిట్టినప్పుడే ఆ మొహం ఎక్కువ కనిపించింది.

రీసెర్చ్ చేసేవాళ్ళు దీన్ని కాస్త విశాలంగా "సెపరేషన్‌కి సంబంధించిన సమస్యలు" అంటారు, అంటే మనిషి లేనప్పుడు మాత్రమే వచ్చే ఇబ్బందులన్నీ ఒక గొడుగు కింద. అందులో కొన్ని కుక్కలకి ఒక ఫలానా మనిషే కావాలి, ఇంట్లో ఇంకో నలుగురున్నా సరిపోదు. ఎక్కువ వాటికి మాత్రం ఎవరో ఒకరు ఉంటే చాలు, పక్కింటివాళ్ళొచ్చి కూర్చున్నా ప్రశాంతంగా పడుకుంటాయి, దీన్ని ఐసోలేషన్ డిస్ట్రెస్ అంటారు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ప్లాన్ మొత్తం దీనిమీదే మారిపోతుంది, ఎందుకంటే రెండో రకానికి మనిషిని తోడు పెట్టి నెలలు నెట్టుకురావచ్చు, మొదటి రకానికి ఆ దారి లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడు ఇళ్ళు, మూడు కుక్కలు, మూడింటి మీదా ఒకటే కంప్లైంట్, "మేం వెళ్ళాక అరుస్తోంది". ముగ్గురూ కెమెరా పెట్టారు. మొదటి వీడియోలో యజమాని వెళ్ళాక కుక్క ఒక గంట హాయిగా నిద్రపోయింది, తర్వాత కిటికీ దగ్గరికెళ్ళి దారిన పోయే ప్రతి మనిషినీ చూసి మొరుగుతోంది, మనిషి పోగానే మళ్ళీ పడుకుంటోంది. రెండో వీడియోలో కుక్కని కేజ్‌లో పెట్టి వెళ్ళారు, అది కేజ్ తలుపునే కొరుకుతోంది, ఇంకోరోజు కేజ్ లేకుండా వదిలితే సోఫా ఎక్కి పడుకుంది. మూడో వీడియోలో తాళం వేసిన చప్పుడు ఆగకముందే కుక్క తలుపు దగ్గరుంది, నోరు తెరిచి రొప్పుతోంది, అటూ ఇటూ తిరుగుతోంది, కింద ఇష్టమైన తిండి పెట్టినా వాసన కూడా చూడట్లేదు, ఇరవై నిమిషాలైనా తగ్గలేదు. మనం మాట్లాడుకుంటున్న సమస్య ఈ మూడోదానికే ఉంది. మొదటిదానికి కిటికీ కర్టెన్ వేస్తే చాలావరకు సరిపోవచ్చు, రెండోదాని ఇబ్బంది ఒంటరితనంతో కాదు, బంధించడంతో.

ఇవి కాక పూర్తిగా హౌస్ ట్రైనింగ్ అవ్వని కుక్కపిల్లలు, ఉరుములకీ టపాసులకీ భయపడి ఆ భయాన్ని ఒంటరితనంతో కలిపేసుకున్నవి, ముసలితనంలో మతిమరుపు లాంటిది వచ్చి కంగారుపడేవి కూడా ఉంటాయి. అందుకే ఏ మంచి కోర్సులో అయినా మొదటి పాఠం ట్రీట్‌మెంట్ కాదు, వీడియో చూసి ఇది ఏది కాదో తేల్చడం.

ఎన్ని కుక్కలకి ఉంటుంది అంటే, అడిగే పద్ధతిని బట్టి అంకెలు చాలా మారతాయి. ఫిన్లాండ్‌లో 2020లో వచ్చిన ఒక పెద్ద సర్వేలో 13,700కి పైగా పెంపుడు కుక్కల గురించి యజమానుల్ని అడిగితే, శబ్దాలకి భయపడేవి 32 శాతం వచ్చాయి, ఒంటరితనంతో ఇబ్బంది పడేవి సుమారు 5 శాతం. కాకపోతే మనం లేనప్పుడు జరిగేది మనకి కనపడదు కదా, చప్పుడు చెయ్యకుండా వణుకుతూ మూల కూర్చునే కుక్క గురించి యజమానికి తెలిసే అవకాశమే తక్కువ. కాబట్టి ఇంటివాళ్ళు గమనించినవే ఆ లెక్కలోకి వచ్చాయని గుర్తుపెట్టుకోవాలి.

ట్రీట్‌మెంట్ చెప్పడానికి ఒక్క వాక్యం, చెయ్యడానికి నెలలు

దీనికి ఎక్కువమంది వాడే పద్ధతి సిస్టమాటిక్ డీసెన్సిటైజేషన్. ఇది కుక్కల కోసం పుట్టింది కాదు, మనుషుల ఫోబియాల కోసం జోసెఫ్ వోల్ప్ అనే దక్షిణాఫ్రికా సైకియాట్రిస్ట్ 1950ల్లో తయారుచేసింది. భయపెట్టే విషయాన్ని భయం కలగనంత చిన్న మోతాదులో చూపించి, దాన్ని మెల్లగా పెంచుకుంటూ పోవడం, అంతే. కుక్క విషయంలో ఆ మోతాదు అంటే మనిషి లేని సమయం. కుక్క ఎంతసేపు కంగారు లేకుండా ఉండగలదో ఆ హద్దుని థ్రెషోల్డ్ అంటారు. హద్దు దాటకుండా ప్రాక్టీస్ చేస్తే అది మెల్లగా ముందుకి జరుగుతుంది, దాటిస్తే వెనక్కి వస్తుంది.

న్యూజిలాండ్ పరిశోధకులు 2011లో 8 కుక్కల మీద ఇదొక్కటే వాడి చూశారు, సమస్య బాగా తగ్గిందని రాశారు. 8 అంటే చిన్న సంఖ్యే, కానీ ఈ రంగంలో అలాంటి చిన్న స్టడీలే ఎక్కువ, ఆ మాట పైకి చెప్పే కోర్సులంటే నాకు గౌరవం.

లెక్కగా చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఒక కుక్క థ్రెషోల్డ్ 40 సెకన్లు అనుకుందాం. అంటే యజమాని బయటికెళ్ళాక 40 సెకన్లదాకా పర్లేదు, తర్వాత లేచి తలుపు దగ్గరికొచ్చి ఏడుపు మొదలెడుతుంది. ఇవాళ్టి సెషన్ ఇలా ఉండొచ్చు: ముందు తలుపు దాకా నడిచి వెనక్కి రావడం, తర్వాత తలుపు తీసి వెయ్యడం, తర్వాత బయటికెళ్ళి 5 సెకన్లు, 12 సెకన్లు, 4 సెకన్లు, 28 సెకన్లు, 8 సెకన్లు, ఆఖర్న 35 సెకన్లు. ప్రతిదానికీ మధ్యలో కుక్క మళ్ళీ మామూలయ్యేదాకా గ్యాప్. 5, 10, 15, 20 అని వరసగా ఎందుకు పెంచరంటే ప్రతిసారీ ముందటిసారికన్నా కష్టంగానే ఉంటుందని కుక్క కనిపెట్టేస్తుంది, నాలుగోసారికే టెన్షన్ మొదలవుతుంది. మధ్యలో తేలికవి పడితే ఆ అంచనా కుదరదు. ఇవాళ 35 సెకన్లు ప్రశాంతంగా ఉంటే రేపు ఆఖరి అంకె 38 కావచ్చు, 35 కావచ్చు, ఇవాళ కాస్త ఇబ్బందిపడితే 20కి దిగొచ్చు.

సెకన్ల నుంచి నిమిషాలకి రావడమే నెమ్మది. చాలామంది వదిలేసేది ఇక్కడే, ఎందుకంటే వారాల తరబడి చేశాక కూడా చెత్త బుట్ట బయట పెట్టొచ్చేంత టైమే వచ్చి ఉంటుంది. అయితే అరగంట, ముప్పావుగంట దాటాక పెంపు తరచూ తొందరగా ఉంటుంది, 45 నిమిషాలు నిద్రపోయిన కుక్కకి గంట పెద్ద తేడాగా ఉండదు.

ఇంకో షరతు కూడా ఉంది, అన్నిటికన్నా కష్టమైనది. ప్రాక్టీస్ జరిగే రోజుల్లో కుక్కని థ్రెషోల్డ్ దాటి ఒంటరిగా వదలకూడదు. ఉదయం 35 సెకన్లు నేర్పి మధ్యాహ్నం మూడు గంటలు వదిలేస్తే, ఉదయం నేర్చుకుంది మధ్యాహ్నం చెరిగిపోతుంది. అంటే ఇంట్లో ఎవరో ఒకరు, లేకపోతే కుక్కని చూసుకునే మనిషి, డేకేర్, చుట్టాలు, ఇలా నెలల తరబడి సర్దుకోవాలి. అందరికీ కుదిరేది కాదు, కుదరనివాళ్ళు చెడ్డ యజమానులూ కాదు.

ఇంత తేలికైతే మరి కోర్సెందుకు

ఎందుకంటే 40 సెకన్లని ఎవరు చెప్పారు? కుక్క చెప్పదు, కుక్కని చూసి మనం చెప్పాలి. కోర్సుల్లో ఎక్కువ టైమ్ పోయేది దీనిమీదే.

ఒక వీడియోలో 26 సెకన్లని దగ్గరగా చూద్దాం. కుక్క గడ్డం నేలకి ఆనించి పడుకుని ఉంది, కళ్ళు సగం మూసి. 9వ సెకనులో చెవి ఒకటి తలుపువైపు తిరిగింది, మళ్ళీ సర్దుకుంది. 17లో తల ఎత్తింది. 19లో ముక్కు మీద నాలిక ఒకసారి ఆడించింది. 20, 21, 22... తలుపునే చూస్తోంది, ఊపిరి ఆపినట్టుంది, కదలట్లేదు. 26వ సెకనులో పెద్దగా ఊపిరి వదిలి తల కింద పెట్టేసింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీన్ని రెండు రకాలుగా తప్పుగా చదువుతారు. ఒకరు "అరవలేదు కదా, బాగానే ఉంది" అంటారు, ఇంకొకరు 17వ సెకనులోనే కంగారుపడి యజమానిని లోపలికి పిలిచేస్తారు. అనుభవం ఉన్నవాళ్ళు చూసేది దానంతటది తిరిగి సర్దుకుందా లేదా అని. ఇక్కడ సర్దుకుంది, కానీ ఆ నాలుగైదు సెకన్ల బిగింపు రాసిపెట్టుకోవాలి, రేపటి సెషన్‌లో అదే 17వ సెకను దగ్గర మళ్ళీ వస్తే టైమ్ పెంచకూడదు. అదే కుక్క 20లో లేచి తలుపు దగ్గరికెళ్ళి, నోరు మూసుకుని, బరువంతా ముందుకాళ్ళ మీద వేసి నిలబడితే ఆ సెషన్ అయిపోయినట్టే.

కదలకుండా ఉన్న కుక్క ప్రశాంతంగా ఉందా, భయంతో బిగుసుకుపోయిందా అనేది తేల్చడం అన్నిటికన్నా కష్టం, చాలా వీడియోలు చూసి, ఎవరో తప్పులు చెప్తే తప్ప కన్ను పడదు.

ఈ పని దాదాపు పూర్తిగా ఆన్‌లైన్‌లో జరగడానికి కారణం కూడా ఇదే. చాలామంది ఇది ఖర్చు తగ్గించుకోవడానికి అనుకుంటారు గానీ అసలు సంగతి వేరే, ట్రైనర్ ఇంటికొచ్చి కూర్చుంటే కుక్క ఒంటరిగా ఉన్నట్టే కాదు కదా. ట్రైనర్ ఇంకెక్కడో కూర్చుని లైవ్ వీడియోలో చూస్తూ, బయట నిలబడ్డ యజమానికి చెవిలో "ఇంకో రెండు సెకన్లు... ఇప్పుడు లోపలికి రండి" అని చెప్పడమే ఈ సమస్యకి సరిపోయే పద్ధతి. అది చూసి యజమాని కూడా చూడటం నేర్చుకుంటాడు. తర్వాత వారానికి నాలుగైదు రోజులు యజమాని తనే చేసి రాసిపెడతాడు, ట్రైనర్ దాన్ని చూసి మర్నాటి ప్లాన్ రాస్తారు.

రెండో సగం మనుషులతో పని. 2000లో అమెరికా వెటర్నరీ జర్నల్‌లో వచ్చిన ఒక స్టడీలో ఆసక్తికరమైన విషయం తేలింది, ఐదుకి మించి సూచనలు అందుకున్న యజమానుల కుక్కలు బాగుపడే అవకాశం తక్కువగా కనిపించింది. ఎక్కువ చెప్తే ఎక్కువ మేలని మనకి అనిపిస్తుంది, తీరా ఇంటికెళ్ళాక ఏది చెయ్యాలో తెలీక ఏదీ సరిగ్గా జరగదు. కాబట్టి ఈ ట్రైనింగ్‌లో చెప్పకుండా ఆపుకోవడం కూడా ఒక నైపుణ్యంగానే నేర్పిస్తారు, ఒక్కోరోజుకి ఒక్క పేజీ, అంతకన్నా వద్దు.

ఉదాహరణకి యజమాని నుంచి మెసేజ్ వస్తుంది, "నిన్న అమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సొచ్చింది, రెండు గంటలు వదిలేశాను, మొత్తం పోయినట్టేనా?" ట్రైనింగ్ లేనివాళ్ళు ఇచ్చే జవాబులు రెండు, "అయ్యో ఎందుకు చేశారు" అనో "ఏం పర్లేదు కంటిన్యూ చెయ్యండి" అనో. రెండూ పని చెయ్యవు. నేర్చుకున్నవాళ్ళు ముందు అమ్మగారి సంగతి అడుగుతారు, తర్వాత రెండు మూడు రోజులు సెషన్లు ఆపి, మళ్ళీ మొదలెట్టేటప్పుడు 6 నిమిషాలు వచ్చిన కుక్కకి మొదటిరోజు ఒక నిమిషంతో పరీక్షించి చూస్తారు, ఎక్కడిదాకా తగ్గిందో తెలిశాక అక్కణ్ణుంచి. ఇంకోసారి అలాంటి ఎమర్జెన్సీ వస్తే ఎవర్ని పిలవాలో అప్పుడే ఒక పేరు రాయిస్తారు.

ట్రైనర్ ఎక్కడ ఆగాలి, డాక్టర్ ఎక్కడ మొదలవ్వాలి

మందుల విషయంలో గీత చాలా స్పష్టం, రాయాల్సింది వెటర్నరీ డాక్టరే. అమెరికాలో ఎఫ్‌డీఏ ఈ సమస్యకి కుక్కల కోసం 1998లో క్లోమిప్రమైన్‌ని, 2007లో ఫ్లూఆక్సెటిన్‌ని ఆమోదించింది. రెండింటినీ ట్రైనింగ్ ప్లాన్‌తో కలిపే వాడాలని ఆ ఆమోదంలోనే ఉంది. రెండూ వేసిన రోజే పనిచేసేవి కావు, పూర్తి ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది, అందుకే "పది రోజులు వేశాం, ఏం తేడా లేదు" అని ఆపేయడం అనేది చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు.

ఫ్లూఆక్సెటిన్ స్టడీలో ఎనిమిది వారాల చివర మందు వాడిన కుక్కల్లో 72 శాతం మెరుగయ్యాయి, మందు లేని ఉత్త బిళ్ళ (ప్లాసిబో) వేసినవాటిలో సుమారు 50 శాతం. ఆ 50 శాతాన్ని గమనించండి, వాటికీ ట్రైనింగ్ ప్లాన్ ఇచ్చారు. మందు ఇష్టంలేనివాళ్ళు "చూశారా, సగం కుక్కలు మందు లేకుండానే" అంటారు, మందు కావాలనేవాళ్ళు "చూశారా, ఇంకో ఇరవై శాతానికి పైగా మందు వల్లే" అంటారు. రెండూ అదే అంకెల్లోంచి వచ్చినవే. వెటర్నరీ బిహేవియరిస్టుల్లో, అంటే బిహేవియర్ మీద స్పెషలైజ్ చేసిన పశువైద్యుల్లో చాలామంది తీవ్రంగా ఉన్న కేసుల్లో మందు మొదట్లోనే మొదలెట్టాలంటారు, భయంతో ఉన్న మెదడు నేర్చుకోలేదని వాళ్ళ వాదన. ట్రైనర్లలో కొందరు ముందు కొన్ని వారాలు ట్రైనింగ్ చూసి అప్పుడు అంటారు, పక్కప్రభావాలు ఉంటాయి, అందరు డాక్టర్లకీ దీంట్లో అనుభవం ఉండదు అని. సెకన్ల దగ్గరే ఇరుక్కుపోయిన కుక్క విషయంలో మొదటి వాదనే నాకు బలంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆగే ప్రతి వారం ఆ కుక్క భయంతో గడిపే వారమే.

మందు ఒక్కటే కాదు, నొప్పి ఇంకోటి. బ్రిటన్‌లోని లింకన్ యూనివర్సిటీలో డానియల్ మిల్స్ బృందం 2020లో రాసినదాని ప్రకారం వాళ్ళ దగ్గరికి రిఫర్ అయ్యే బిహేవియర్ కేసుల్లో తక్కువలో తక్కువ మూడోవంతు కేసుల్లో ఏదో ఒక నొప్పి కూడా ఉంటుంది. ఒక కుక్క 4 నిమిషాల దగ్గర నెలరోజులు ఆగిపోయింది అనుకుందాం. అంతా సరిగ్గా చేస్తున్నారు, డేటా బాగుంది, కదలట్లేదు. వీడియో మళ్ళీ చూస్తే అది పడుకోవడానికి రెండుమూడుసార్లు గుండ్రంగా తిరిగి, వెనకకాళ్ళు ముడవబోయి ఆగిపోతోంది. ఆ మాత్రం గమనించి "ముందు డాక్టర్‌కి చూపించండి, నడుమో తుంటో చూడమనండి" అనగలగడం కూడా ఈ ట్రైనింగ్‌లో భాగమే. రోగం పేరు చెప్పడం ట్రైనర్ పని కాదు.

వాళ్ళలో వాళ్ళకే పడని విషయాలు

తిండితో మొదలెడదాం. వెళ్ళేముందు లోపల తిండి కూరిన బొమ్మ ఇచ్చి వెళ్ళడం పాత సలహా, ఇప్పటికీ చాలామంది ఇస్తారు. ఈ స్పెషలైజ్డ్ కోర్సులు చేసినవాళ్ళలో ఎక్కువమంది వద్దంటారు. తిండి ఉన్నంతసేపు కుక్క దానిమీద ఉంటుంది, అయిపోయాక తలెత్తి చూస్తే మనిషి లేడు, ఈసారి భయం ఇంకా హఠాత్తుగా వస్తుంది, పైగా తినేటప్పుడు అది ప్రశాంతంగా ఉందో లేదో మనకి కనపడదు, కొన్నాళ్ళకి ఆ బొమ్మే "వెళ్ళిపోతున్నారు" అనే సిగ్నల్ అయిపోతుంది. అవతలివాళ్ళు అనేది, తేలిక కేసుల్లో తిండి మంచి అనుబంధం పెంచుతుంది, దాన్ని మొత్తం తీసెయ్యడానికి గట్టి రుజువు లేదు అని. నిజానికి రెండువైపులా పెద్ద స్టడీలు లేవు, ఇద్దరూ కేసుల అనుభవం మీదే మాట్లాడుతున్నారు.

తాళాలు ఊరికే గలగలలాడించడం, చెప్పులు వేసుకుని మళ్ళీ కూర్చోవడం లాంటివి రోజంతా చెయ్యమనే సలహా ఇంకోటి. ఆ సిగ్నల్స్ అర్థం పోగొట్టడానికి అంటారు. అదే పని కొన్ని కుక్కల్ని రోజంతా అప్రమత్తంగా ఉంచుతుందని ఇప్పుడు చాలామంది మానేశారు. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు కుక్కని పట్టించుకోకూడదనే నియమం కూడా ఇలాగే బలహీనపడుతోంది. కుక్కని మంచం మీద పడుకోనిస్తే ఈ జబ్బు వస్తుందనే మాట గురించి ఎక్కువ చెప్పను, ప్రేమ ఎక్కువై కుక్క పాడైందని యజమానిని నిందించడానికి తప్ప అది ఎందుకూ పనికిరాలేదు.

అరిస్తే షాక్ కొట్టే కాలర్ల మీద మాత్రం ఈ రంగంలో చదువుకున్నవాళ్ళలో పెద్ద చర్చ లేదు. భయంతో అరిచేదాన్ని అరిచినందుకు నొప్పిపెడితే అరుపు ఆగొచ్చు, భయం ఆగదు. అమెరికా వెటర్నరీ బిహేవియర్ సొసైటీ 2021లో ఇచ్చిన ప్రకటనలో కూడా కుక్కల ట్రైనింగ్ అంతటికీ రివార్డ్ పద్ధతులే వాడమంది.

అన్నిటికన్నా లోతైన విభేదం అసలు ఇది ఒకే సమస్యా అనేది. లింకన్ బృందమే 2020లో 2,700కి పైగా కుక్కల డేటా చూసి, ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చే ఇబ్బందిలో నాలుగు రకాలు కనిపిస్తున్నాయని చెప్పింది. బయటపడాలనే ఫ్రస్ట్రేషన్, బయటి చప్పుళ్ళకో కదలికలకో రియాక్ట్ అవ్వడం, లోలోపల బిగుసుకుపోయే రకం, బోర్ కొట్టే రకం. కారణం వేరైతే ట్రీట్‌మెంటూ వేరు కావాలి కదా అని వాళ్ళ ప్రశ్న. మెల్లగా టైమ్ పెంచే పద్ధతి వాడేవాళ్ళు, కారణం ఏదైనా ఒంటరిగా ఉండటాన్ని భయం లేకుండా ప్రాక్టీస్ చేయించాల్సిందే అంటారు. ప్రాక్టీస్‌లో ఈ రెండూ కలుస్తాయనే నాకనిపిస్తుంది, కానీ కోర్సు ఎంచుకునేవాళ్ళకి తేడా తెలుస్తుంది, కొన్నిచోట్ల మొదటిరోజు నుంచే టైమ్ పెంచే పద్ధతి చెప్తారు, కొన్నిచోట్ల కారణాల మీద ఎక్కువ కూర్చుంటారు.

సర్టిఫికెట్ వేరు, సర్టిఫికేషన్ వేరు, డిగ్రీ వేరు

ఎక్కువ దేశాల్లో కుక్కల ట్రైనర్ అవ్వడానికి లైసెన్స్ అక్కర్లేదు. ఎవరైనా రేపే మొదలెట్టొచ్చు. కాబట్టి పేరు పక్కన ఉన్న అక్షరాలే ఆధారం, అవి మూడు రకాలు.

మొదటిది కోర్సు సర్టిఫికెట్. ఈ సమస్య ఒక్కదాని మీదే ఉన్నవాటిలో బాగా తెలిసినవి రెండు, అమెరికాలో మలీనా డిమార్టిని నడిపే సీఎస్‌ఏటీ (సర్టిఫైడ్ సెపరేషన్ యాంగ్జైటీ ట్రైనర్), జూలీ నైస్మిత్ నడిపే ఎస్ఏ ప్రో. రెండూ ఆన్‌లైనే. కోర్సు నడిపేదీ వాళ్ళే, పరీక్ష పెట్టేదీ వాళ్ళే, పట్టా ఇచ్చేదీ వాళ్ళే. అందులో తప్పేం లేదు, ఈ పనిని ఇంత లోతుగా నేర్పేది కూడా ఇలాంటిచోట్లే, కానీ బయటివాళ్ళు ఎవరూ చెక్ చెయ్యలేదని అర్థం.

రెండోది స్వతంత్ర సర్టిఫికేషన్. ఇక్కడ నేర్పేవాళ్ళు వేరు, పరీక్షించేవాళ్ళు వేరు. 2001లో మొదలైన సీసీపీడీటీ అనే సంస్థ కుక్కల ట్రైనర్లకి ఇచ్చే సీపీడీటీ-కేఏ అనే సర్టిఫికేషన్‌కి గత మూడేళ్ళలో కనీసం 300 గంటలు ట్రైనింగ్ ఇచ్చిన అనుభవం చూపించి పరీక్ష రాయాలి, మూడేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి. ఐఏఏబీసీ అనే ఇంకో సంస్థ కేస్ స్టడీలు రాయించి చూస్తుంది. బ్రిటన్‌లో ఏబీటీసీ అనే కౌన్సిల్ అర్హత ఉన్నవాళ్ళ జాబితా నిర్వహిస్తుంది. చిక్కేంటంటే వీటిలో ఎక్కువ భాగం సెపరేషన్ యాంగ్జైటీ మీద ప్రత్యేకంగా పరీక్షించవు. సీపీడీటీ-కేఏ ఉన్న మనిషికి కుక్కలు నేర్చుకునే తీరు తెలుసని నమ్మొచ్చు, పైన చెప్పిన 26 సెకన్ల వీడియో చదవగలరా అంటే ఆ అక్షరాలు జవాబు చెప్పవు.

మూడోది డిగ్రీ దారి. వెటర్నరీ బిహేవియరిస్ట్ అంటే పశువైద్యం చదివి, తర్వాత ఏళ్ళపాటు రెసిడెన్సీ చేసి, బోర్డ్ పరీక్ష పాసైనవాళ్ళు. అమెరికాలో ఈ స్పెషాలిటీకి 1993లో గుర్తింపు వచ్చింది. ఈ మూడు రకాల్లో రోగనిర్ధారణ, మందులు రెండూ చెయ్యగలిగేది వీళ్ళే, కానీ చాలా తక్కువమంది ఉంటారు, అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, పైగా నెలలపాటు రోజూ సెషన్ షీట్ చూసి సెకన్లు సరిచేసే టైమ్ వాళ్ళకి ఉండదు. అందుకే సెపరేషన్ ట్రైనర్ అనే పని పుట్టింది, డాక్టర్‌కీ యజమానికీ మధ్య రోజూ చూసుకునే మనిషి ఎవరూ లేని ఖాళీలో.

ఇక్కడే రంగంలో ఒక అసలైన వాదన ఉంది. ఒక్క సమస్య మీదే పనిచేసేవాళ్ళు మంచివాళ్ళా, అన్నీ చూసేవాళ్ళా? ఒక్కదాని మీదే ఉంటే వందల కేసులు చూస్తారు, కన్ను పదునవుతుంది, ఎక్కడ ఆగిపోతుందో ముందే తెలుస్తుంది. కానీ చేతిలో ఉన్న పద్ధతి ఒకటే కాబట్టి కిటికీ దగ్గర మొరిగే కుక్కకి కూడా అదే మొదలెట్టే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం వల్లే సీరియస్ కోర్సులు ముందే కొంత ట్రైనింగ్ అనుభవం ఉన్నవాళ్ళని కోరుకుంటాయి, ఏమీ తెలియకుండా నేరుగా దీంట్లోకి వచ్చినవాళ్ళకి ఏది కాదో తేల్చడం దగ్గరే దెబ్బతగులుతుంది.

కోర్సుల మధ్య నిజమైన తేడా తెలిసేది వారాల సంఖ్యలోనో లెక్చర్ల గంటల్లోనో కాదు, నేర్చుకునే మనిషి చేసిన సొంత కేసుని ఎవరైనా వీడియోతో సహా చూసి దిద్దారా లేదా అన్నదాంట్లో. రికార్డెడ్ పాఠాలు చూసి ఆప్షన్ల పరీక్ష రాసినవాళ్ళకీ, ఒక కుక్కని మొదటినుంచి తీసుకుని ప్రతివారం ప్లాన్ చూపించి "ఇక్కడెందుకు పెంచావు, 17వ సెకను చూశావా" అని అడిగించుకున్నవాళ్ళకీ పేరు పక్కన ఒకేలాంటి అక్షరాలు రావచ్చు. ఫలితాల లెక్క కూడా బయట దొరకదు, ఏ కోర్సు చేసినవాళ్ళ దగ్గర ఎన్ని కుక్కలు ఎన్ని నెలల్లో ఎంతసేపటికి వచ్చాయో అందరూ ఒకే పద్ధతిలో రాసి బయటపెట్టే రిజిస్టర్ ఏదీ ఈ రంగంలో ఇంకా అలవాటుగా లేదు. ప్రతి ట్రైనర్ దగ్గరా సెకన్లతో సహా డేటా ఉంది, రోజూ రాస్తున్నారు, షీట్లు నిండిపోతున్నాయి. వాటిని ఒకచోట చేర్చి చూసే పని మొదలైతే తిండి బొమ్మ గొడవ, మందు ఎప్పుడు మొదలెట్టాలనే గొడవ, స్పెషలిస్టా జనరలిస్టా అనే గొడవ కూడా అనుభవాల మీద కాకుండా అంకెల మీద నడుస్తాయి.